పది రోజులూ గ్రెనోబుల్‌లోనేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ అనే ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వచ్చే ఏడాది మమ్మల్నిద్దర్నీ రమ్మంటున్నాడు. ఓ పది రోజులు వీలు చేసుకోగలం. మా ఆడపడుచు వాళ్లు నిరుడు ప్యాకేజీ టూర్‌లో ఒక్క ట్రిప్పులో ఆరు దేశాలు చూసొచ్చారు. "అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి ఆ ఒక్క ఊళ్లో కూర్చుంటారా? పారిస్, స్విట్జర్లాండ్ తిరిగి రండి" అంటోంది ఆవిడ. మావారికి 66 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, చలికాలంలో కాస్త ఆయాసం. నాకేమో ఒక్కసారైనా మంచుని చేత్తో ముట్టుకోవాలని కోరిక. ఇద్దరం శాకాహారులం. ఎప్పుడు వెళ్లాలి? ఏం చూడాలి? పచ్చళ్లు పట్టుకెళ్లనిస్తారా? అబ్బాయి గదిలోనే సర్దుకోవచ్చా? – ఒక గృహిణి, కాకినాడ

సమాధానం: అమ్మా, ఈ ఒక్కసారికి ఆడపడుచుగారి మాట పక్కన పెట్టండి. ఏడు రోజులు గ్రెనోబుల్, చివర్లో రెండు రోజులు పారిస్. స్విట్జర్లాండ్ వద్దు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ప్యాకేజీ టూరంటే తెల్లారకుండానే పెట్టె సర్దడం, బస్సెక్కడం, దిగడం, ఫొటో దిగడం, మళ్లీ ఎక్కడం. ఆయనకి చివరికి గుర్తుండేది బస్సు సీటే. మీకు కావలసింది మంచు, కొండలు, ఓ పాత ఊరు, అన్నిటికన్నా ముందు అబ్బాయి. ఇవన్నీ ఒక్కచోటే దొరుకుతుంటే పరుగులెందుకు?

ఆల్ప్స్ పర్వతాల దగ్గరి ఊరు అనగానే మెట్లూ ఎత్తులూ ఉంటాయని చాలామంది భయపడతారు. గ్రెనోబుల్ నేల బల్లపరుపుగా ఉంటుంది. సముద్రమట్టానికి 214 మీటర్ల ఎత్తే. ఆ లెక్కన మన హైదరాబాదే ఎక్కువ ఎత్తులో ఉంది. ఇజేర్, ద్రాక్ అని రెండు నదులు కలిసేచోట ఊరు కట్టుకున్నారు. ఉత్తరాన షార్త్రూజ్ కొండలు, తూర్పున బెల్‌దోన్, పడమర వెర్కోర్. ఏ వీధిలో నిలబడి తలెత్తినా చివర్లో ఏదో ఒక కొండ అడ్డంగా కనిపిస్తూనే ఉంటుంది. ట్రాములు 1987 నుంచి నడుస్తున్నాయి. చక్రాల కుర్చీతో కూడా ఎక్కగలిగేలా, ప్లాట్‌ఫారం మట్టానికే పెట్టె నేల ఉండేలా మొదట్లోనే కట్టించారు. మీవారు కాలు ఎత్తి ఎక్కాల్సిన పనుండదు. టికెట్ కొనగానే సరిపోదు, మిషన్‌లో చూపించాలి. చెకింగ్ వాళ్లు పట్టుకుంటే "మాకు తెలీదండీ" అంటే వినరు.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. అందరూ మే, జూన్ అంటారు. మీరు వినకండి. ఆ రెండు నెలల్లో ఊరు బాగానే ఉంటుంది గానీ, మంచు మీదికి తీసుకెళ్లే కేబుల్ కార్లు ఏప్రిల్ నెలాఖరుకి చాలావరకు ఆగిపోతాయి. మళ్లీ నడిచేది వేసవి సీజన్‌కే. అప్పటికి కింద మంచు కరిగిపోయి ఉంటుంది. జులై, ఆగస్టుల్లో కొండల మధ్య గిన్నెలాంటి ఆ పల్లంలో వేడి నిలిచిపోయి మన ఎండాకాలమే గుర్తొస్తుంది. డిసెంబర్, జనవరుల్లో ఇంకో తంటా. చల్లగాలి బరువెక్కి ఊరి మీదే కూర్చుంటుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా పడుతుంది. పొగ, మంచుతెర పైకి పోలేక రోజుల తరబడి అలాగే ఉంటాయి. పైన కొండ మీద ఎండ కాస్తుంటే కింద ఊళ్లో వాళ్లకి సూర్యుడు కనపడడు. ఆయాసం ఉన్నవాళ్లు ఆ రోజుల్లో వెళ్లకూడదు. ఫిబ్రవరిలో మంచు దండిగా ఉంటుంది. కాకపోతే ఫ్రాన్స్ బడులన్నిటికీ విడతలవారీగా సెలవులు, హోటల్ రేట్లు ఆకాశంలో.

మీకు సరిపోయేది మార్చి రెండో పక్షం. సెలవుల రద్దీ తగ్గుతుంది, ఊళ్లో స్వెట్టర్, కోటు ఉంటే హాయిగా తిరగొచ్చు, పైన మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. కొన్ని సంవత్సరాల్లో ఉగాది కూడా ఆ రోజుల్లోనే పడుతుంది. పండక్కి అబ్బాయి దగ్గర ఉన్నట్టూ ఉంటుంది.

మంచు కోసం షామ్‌రూస్ వెళ్లండి. గ్రెనోబుల్ నుంచి 30 కిలోమీటర్ల దూరం, సీజన్‌లో ఊళ్లోంచే బస్సులుంటాయి. 1968లో గ్రెనోబుల్‌లో శీతాకాలపు ఒలింపిక్స్ జరిగినప్పుడు కొండవాలు దిగే స్కీ పందేలు పెట్టింది ఇక్కడే. ఫ్రాన్స్‌వాళ్ల జాన్ క్లోద్ కిలీ అక్కడే మూడు బంగారు పతకాలు కొట్టాడు. ఆ పేరు ఎత్తితే చాలు, ఆ ఊరి పెద్దవాళ్లు కబుర్లలో పడిపోతారు.

ఎత్తు గురించి టెన్షన్ పడకండి. బస్సు దిగే చోటు 1,650 మీటర్లు. మన ఊటీ అంతకన్నా బాగా ఎత్తు. ఊటీలో లేని మంచు అక్కడెందుకుందంటే ఆ ప్రాంతం 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి. బస్సు దిగిన చోటే మీ కాళ్ల కింద మంచు. చేత్తో ముట్టుకోవడం కాదు, ముద్దలు చేసి అబ్బాయి మీద విసరొచ్చు కూడా. ఇంకా పైకి, 2,253 మీటర్ల ఎత్తున్న క్రువా ద షామ్‌రూస్ శిఖరానికి కేబుల్ కారు ఉంది. గాలి లేని రోజయితే మీరూ అబ్బాయీ వెళ్లి రండి. మీవారిని కింద ఎండ పడే హోటల్ అరుగు మీద వేడి చాక్లెట్ ఇప్పించి కూర్చోబెట్టండి. తొక్కి తొక్కి గట్టిపడిన మంచు గాజులా జారుతుంది. ఆయన పడేది కొండ ఎక్కేటప్పుడు కాదు, బస్సు దగ్గర్నుంచి హోటల్‌కి నడిచే పది అడుగుల్లోనే. అడుగున గళ్లున్న రబ్బరు బూట్లు, చేతికర్ర తప్పనిసరి. నల్లకళ్లద్దాలు స్టయిలుకి కాదు, మంచు మీద ఎండ పడితే కళ్లు నిజంగానే మండుతాయి.

ఆల్ప్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం మోంబ్లాన్ దగ్గరికి వెళ్దామని అబ్బాయి అంటే మాత్రం కాస్త ఆలోచించండి. దాని కింద ఉన్న షామోనీ అనే ఊరి నుంచి కేబుల్ కారు 3,777 మీటర్ల ఎత్తుకి కొద్ది నిమిషాల్లో లాక్కెళ్లిపోతుంది. మీవారిని డాక్టరు సరేనంటే తప్ప తీసుకెళ్లకండి. మోంబ్లాన్‌ని చూడటమే కావాలంటే, ఆకాశం తేటగా ఉన్న రోజున గ్రెనోబుల్ కోట మీంచే దూరంగా తెల్లగా కనిపిస్తుంది.

ఆ కోట పేరు బాస్తీయ్. పారిస్‌లో జనం కూల్చేసిన జైలుకీ దీనికీ సంబంధం లేదు. ఊరిని ఆనుకుని నదికి అవతలి ఒడ్డున, షార్త్రూజ్ కొండల మొదట్లో 476 మీటర్ల ఎత్తున కట్టారు. ఏటి పక్కన, జార్దాన్ ద వీల్ అనే తోట దగ్గర కేబుల్ కారు ఎక్కాలి. 1934 నుంచి ఉన్నదే. ఇప్పుడు నడిచే పెట్టెలు గుండ్రటి గాజు బుడగలు, నాలుగైదు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటాయి. స్టేషన్‌లో కూడా పూర్తిగా ఆగవు, నెమ్మదిగా కదులుతూనే ఉంటాయి. మీవారి విషయం అక్కడున్న కుర్రాళ్లకి ముందే చెప్పండి. తలుపు మూసుకోగానే కాళ్ల కింద ముందు పాత పెంకుల కప్పులు, తర్వాత బూడిదరంగు ఇజేర్ నీళ్లు, తర్వాత కోట గోడలు. గోదావరి చూసిన కళ్లకి ఇజేర్ పిల్ల కాలవే. కానీ ఆ వేగం చూడండి, కొండ దిగిన ఊపు ఊళ్లోకి వచ్చాక కూడా తగ్గదు. పైన స్టేషన్ పక్కనే డాబా, బెంచీలు ఉన్నాయి. కోట లోపలి మెట్ల జోలికి పోకండి. "దిగేటప్పుడు నడుద్దాం, దారి బాగుంటుంది" అని అబ్బాయి అంటాడు. వాడికి బాగానే ఉంటుంది. మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే శత్రువు, రానూ పోనూ టికెట్ తీసుకోండి. జనవరిలో కొన్నాళ్లు మరమ్మతుల కోసం దీన్ని ఆపేస్తారు. మీరు వెళ్లేది మార్చి కాబట్టి ఇబ్బంది లేదు.

పాత ఊరికి ఒక రోజు కేటాయించండి. ప్లాస్ సాంతాంద్రె అనే చౌకులో దోఫినె అనే ఈ ప్రాంతపు పాత న్యాయస్థాన భవనం ఉంటుంది. ఎదురుగా 1739 నుంచి నడుస్తున్న కాఫీ హోటల్, పేరు లా తాబ్ల్ రోంద్. కాఫీ చెప్పి అక్కడ కూర్చుని అబ్బాయిని పెంకుల రోజు కథ అడగండి. చెప్పలేకపోతే ఇదిగో, మీరే చెప్పండి.

1788లో రాజుగారి ప్రభుత్వానికి డబ్బు కటకట. కొత్త పన్నులకి అడ్డొస్తున్నాయని ఇలాంటి న్యాయస్థానాల అధికారాలు తీసేసింది. గ్రెనోబుల్ న్యాయమూర్తులని ఊరు విడిచి పొమ్మంది. జూన్ 7న వాళ్లు బయల్దేరబోతుంటే ఊరంతా దుకాణాలు మూసేసింది. గంటలు మోగాయి. బజారులో అమ్ముకునే ఆడవాళ్లు ముందుకొచ్చి బళ్లని కదలనివ్వలేదు. సైనికులు దిగేసరికి జనం ఇళ్ల కప్పులెక్కి పెంకులు పీకి వాళ్ల నెత్తిన వేశారు. ఆరు వారాల తర్వాత, జులై 21న, ఊరికి దక్షిణంగా ఉన్న విజీల్ కోటలో మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధులూ సమావేశమై దేశమంతటికీ సభ పిలవాలని అడిగారు. మరుసటి ఏడాది పారిస్‌లో జరిగింది అందరికీ తెలుసు. ఫ్రెంచి విప్లవం అనగానే అందరూ పారిస్ పేరే చెబుతారు. మొదటి దెబ్బ మాత్రం ఇక్కడి పెంకుటిళ్ల మీంచే పడిందని గ్రెనోబుల్‌వాళ్లు గట్టిగా నమ్ముతారు, నాకూ ఆ వాదన నచ్చుతుంది.

విజీల్ కోట ఇప్పుడు ఫ్రెంచి విప్లవపు మ్యూజియం. ఆ పెంకుల గొడవని అలెగ్జాంద్ర్ దెబెల్ వేసిన పెద్ద బొమ్మ అక్కడే ఉంది. బస్సులో వెళ్లొచ్చు, టికెట్ లేదు. లోపల చూసే ఓపిక లేకపోతే చుట్టూ ఉన్న తోట ఒక్కటే ఓ పూటకి సరిపోతుంది.

మీ అబ్బాయి ఇంజినీరింగ్‌లో ఫోరియర్ సిరీస్ అనే లెక్కలతో కుస్తీ పట్టే ఉంటాడు. ఆ ఫోరియర్ గ్రెనోబుల్‌లో కలెక్టర్‌లాంటి ఉద్యోగం చేశాడని వాడికి తెలుసో లేదో. నెపోలియన్‌తో ఈజిప్టు దండయాత్రకి వెళ్లొచ్చిన జోసెఫ్ ఫోరియర్‌ని 1802లో ఇజేర్ జిల్లాకి ప్రీఫె, అంటే జిల్లా అధికారి, చేసి పంపారు. పగలు బురద నేలల్లో నీళ్లు తోడించడం, కొండదారులు వేయించడం. మిగిలిన సమయంలో వేడి ఒక వస్తువులో ఎలా పాకుతుందన్న లెక్కలు. 1807లో ఆయన సమర్పించిన ఆ పరిశోధనలోంచే ఇవాళ మన సెల్‌ఫోన్లలో, స్కానింగ్ మిషన్లలో వాడే గణితం పుట్టింది. అదే రోజుల్లో షాంపోలియన్ అనే కుర్రాడు అన్న దగ్గర ఉండి చదువుకోవడానికి ఈ ఊరొచ్చాడు. ఫోరియర్ తెచ్చిన ఈజిప్టు వస్తువులు చూసే ఆ పిచ్చి పట్టిందని ఒక కథ. కథ సంగతెలా ఉన్నా, ఈజిప్టు బొమ్మల లిపిని చదివే తాళంచెవి దొరికిందని 1822లో లోకానికి చెప్పింది ఆ కుర్రాడే. ఫోరియర్ వేడి సిద్ధాంతం పుస్తకంగా వచ్చిందీ అదే ఏడాది. వీఫ్ అనే పక్క ఊళ్లో షాంపోలియన్ల ఇంటిని 2021లో మ్యూజియం చేశారు. అదీ ఉచితమే. మీవారికి ఇలాంటివి ఇష్టమైతే తప్పకుండా తీసుకెళ్లండి.

బొమ్మలంటే విసుగు లేకపోతే గ్రెనోబుల్ మ్యూజియంకి కూడా. నెలలో మొదటి ఆదివారం టికెట్ ఉండదు. అక్కడ మతిస్ 1911లో వేసిన పెద్ద చిత్రం ఒకటుంది, గది నిండా పూల డిజైను, మధ్యలో బల్ల మీద వంకాయలు. గుత్తికి పనికొచ్చే లేత సైజు కాదు గానీ, ఆ రంగులు చూస్తుంటే కాసేపు అక్కణ్నుంచి కదలబుద్ధి కాదు. ఇక్కడి మ్యూజియంలు చాలావరకు మంగళవారం మూసేస్తారు. షామ్‌రూస్ మంగళవారం పెట్టుకోండి.

తిండి. ఈ ఊరి ప్రాంతపు వంటలో మీకు కలిసొచ్చేవి రెండున్నాయి. గ్రాతాన్ దోఫినువా అంటే పల్చగా తరిగిన బంగాళాదుంపని పాలు, మీగడ, వెల్లుల్లితో ఓవెన్‌లో సన్నసెగన కాల్చేది. రెండోది రావియోల్, వేలిగోరంత చదరపు పిండి బిళ్లల్లో చీజ్, కొత్తిమీరలాంటి పార్స్‌లీ పెట్టి ఉడికిస్తారు. పిండిలో గుడ్డు కలుపుతారు, మీకు అభ్యంతరమైతే మానేయండి. కొన్నిచోట్ల కోడి నీళ్లలో ఉడికిస్తారు, అడగాలి. "సాఁ వియాంద్, సాఁ ప్వాసోఁ" అంటే మాంసం, చేప వద్దని. అక్కడితో ఆగకుండా "సాఁ లార్దోఁ" కూడా అనండి. పంది మాంసం చిన్న ముక్కల్ని సలాడ్‌లో చల్లి, దాన్ని మాంసం కింద లెక్కే వేయని హోటళ్లున్నాయి. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడుకే. నీళ్ల సీసా కొనకండి, "ఉన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు ఊరికే ఇస్తారు. షార్త్రూజ్ అని ఆకుపచ్చటి పానీయం కనిపిస్తుంది. అక్కడి మఠం సన్యాసులు 130 మూలికలతో చేసేది. రంగు చూసి షర్బత్ అనుకునేరు, 55 శాతం ఆల్కహాల్.

పచ్చళ్లు, పొడులు, కాజాలు నిక్షేపంగా పట్టుకెళ్లండి, సీలు చేయించి, చెకిన్ పెట్టెలో. నెయ్యి, పాలకోవా వద్దు. పాలు, మాంసంతో చేసినవేవీ బయటి దేశాల నుంచి యూరప్‌లోకి రానివ్వరు. కరివేపాకు రెమ్మలు, పచ్చి మామిడికాయలు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. తమాషా ఏమిటంటే, కొబ్బరికాయకీ అరటిపండుకీ మినహాయింపు ఉంది. పూజకి కావలసినవి రెండూ అవే.

కొట్లోకి అడుగుపెట్టగానే "బోంజూర్" అనడం మర్చిపోకండి. అది అనకుండా నేరుగా "ఎంత?" అంటే మొహం ముడుచుకుంటారు, తర్వాత ఇంగ్లిష్ వచ్చినా రానట్టే ఉంటారు. యానాం పక్కన పెరిగినవాళ్లు, మీకు ఆ మాట కొత్తేం కాదు.

అబ్బాయి గదిలో ఉండే ఆలోచన మానుకోండి. చుట్టాలింట్లో దిగుతామని వీసాకి రాస్తే, ఆతిథ్యమిచ్చేవాళ్లు అక్కడి మునిసిపల్ ఆఫీసు నుంచి అతెస్తాసియోఁ దాకేయ్ అనే పత్రం తేవాలి. ఇల్లు ఇంతమందికి సరిపోతుందా అని వాళ్లు చూస్తారు. విద్యార్థి ఒంటిగదితో ఆ పత్రం రావడం కష్టం. రైల్వేస్టేషన్ దగ్గర వంటగది ఉన్న అపార్ట్‌హోటల్ తీసుకోండి. కుక్కర్ ఒకటి అబ్బాయి దగ్గర ఉండే ఉంటుంది, రాత్రికి అన్నం, చారు మీ చేత్తోనే. వాడు కోరుకునేదీ అదే.

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో గ్రెనోబుల్‌కి దగ్గర్లోని లియోన్ విమానాశ్రయానికి ఒక్క మార్పుతో వెళ్లొచ్చు. అక్కణ్నుంచి బస్సులో గంట, గంటుంపావు. వచ్చేటప్పుడు గ్రెనోబుల్ నుంచి పారిస్‌కి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో మూడు గంటలు, విమానం పారిస్ నుంచే ఎక్కండి. టికెట్ కొనేటప్పుడే మీవారికి వీల్‌చెయిర్ రాయించండి, మొహమాటపడకండి. ఆడపడుచుగారిని సంతోషపెట్టడానికి ఒక సరస్సు ఫొటో కావాలంటే ఒక పూట ఆన్సీ వెళ్లి రండి. రైల్లో సుమారు రెండు గంటలు. కొండల మధ్య సరస్సు, కాలవల పక్కన పాత ఇళ్లు. స్విట్జర్లాండ్ అని చెబితే ఆవిడ నమ్మేస్తారు.

వీసా విషయం. షెంగెన్ అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా. మీరు ఉండేది ఫ్రాన్స్‌లోనే కాబట్టి దాన్ని ఫ్రాన్స్ దగ్గరే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. అబ్బాయి రెసిడెన్స్ కార్డు, కాలేజీ సర్టిఫికెట్ కాపీలు, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగ్ జతచేయండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. చవకగా వస్తోందని ఏదో ఒకటి తీసుకోకుండా, మీవారికి ముందునుంచీ ఉన్న ఆయాసం అందులో కవర్ అవుతుందో లేదో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. మందులు లెక్కకి రెండు రోజులు ఎక్కువే పెట్టి, డాక్టరు చీటీ ఇంగ్లిష్‌లో రాయించి, చేతిసంచీలో ఉంచండి. మార్చి ప్రయాణమైతే డిసెంబర్‌లోనే అపాయింట్‌మెంట్ చూసుకోండి. సంక్రాంతికి పిల్లలు వచ్చారనో, ఇంట్లో పనులనో వాయిదా వేస్తే స్లాట్లు దొరకవు.